కుండీలో పెదనాన్న

పత్రిక ఆఫీసు, ప్రూఫుల గది నుంచి

అక్కకు,

నేను క్షేమం. నా చేతిలో పడిన మొక్కలే ఎప్పుడూ క్షేమంగా ఉండవని నీకు తెలుసు. ఈ ఉత్తరం ఆ సంగతి గురించే.

మా వారపత్రికలో పెరటి పేజీ రాసే పెద్దమనిషి మానేశాడు. ఎడిటర్ నన్ను పిలిచాడు. ఈయన మా యజమానికి తమ్ముడి కొడుకు. వయసులో నాకంటే బాగా చిన్న, కుర్చీలో బాగా పెద్ద. "ఆ పేజీ ప్రూఫులు ఎన్నేళ్ళ నుంచో మీరే దిద్దుతున్నారు కదండీ, ఇక మీరే రాసేయండి" అన్నాడు. దిద్దినంత మాత్రాన వచ్చేస్తే, వంటల పేజీ దిద్దినందుకు నేను ఈపాటికి గొప్ప వంటవాణ్ణి అయి ఉండాలి. నా వంట నువ్వు తిన్నావు. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ మింగేశాను, ఎందుకంటే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. అచ్చుతప్పులు పట్టడానికి మిషన్ వస్తోందట. వానాకాలం వెళ్ళేలోపు పెరటి పేజీ నిలబడితే నేనూ నిలబడతాను. లేకపోతే ఇద్దరం కలిసి పడిపోతాం. ఈ వయసులో నాకు ఇంకెవరూ కుర్చీ వెయ్యరక్కా.

ఇక నా అర్హతలు విను. ముళ్ళ మొక్క ఒకటి కొని, ప్రేమకొద్దీ రోజూ నీళ్ళు పోసి కుళ్ళబెట్టాను. మనీప్లాంట్ ఎవరింట్లోనైనా బతుకుతుందని అమ్మినవాడు చెప్పాడు. పాపం, అతనికి నా సంగతి తెలియదు. చివరికి బల్ల మీద ప్లాస్టిక్ పూలు పెట్టుకుంటే అవి కూడా వెలిసిపోయాయి.

నీకు మేడ నిండా కుండీలున్నాయి. నేను కిందటిసారి వచ్చినప్పుడు కాలు పెట్టడానికి చోటు లేక, ఒంటికాలి మీద నిలబడి టీ తాగాను. అందుకని నన్ను నువ్వే గట్టెక్కించాలి. మొదటి వారానికి మూడు సంగతులు చెప్పు చాలు. లేత చిగుళ్ళకు పట్టే పేనుబంక ఎలా పోతుంది, నీళ్ళు ఎప్పుడు పోయాలి, కుండీల్లో కలుపును ఏం చెయ్యాలి.

ఫోన్ చేద్దామనుకున్నాను. నాకు కంటితో చదివితే తప్ప ఏదీ బుర్రకెక్కదు, అందుకే ఉత్తరం.

నీ తమ్ముడు


మేడ మీద నుంచి

ఒరేయ్ దిద్దుబాటూ,

ఫోన్ చేయనందుకు సంతోషం. ఫోనులో నాకు సగం వినపడదు, వినపడిన సగం నచ్చదు.

మొక్కల గురించి నువ్వు జనానికి చెబుతావని విని కాసేపు నవ్వుకున్నాను. తర్వాత ఆ జనం గుర్తొచ్చి భయం వేసింది. సరే, రాసుకో.

పేనుబంకకు మందులూ మాకులూ అక్కర్లేదు. కొంచెం సబ్బు కలిపిన నీళ్ళు ఎండ తగ్గాక చిమ్మాలి. ఆకు పైన కాదు, అడుగున. పురుగులు నీలాగే ఎవరికీ కనపడని చోట కూర్చుని తింటాయి. మర్నాడు మంచినీళ్ళతో కడిగెయ్యాలి.

నీళ్ళు పోసేముందు వేలు మట్టిలోకి రెండో కణుపు దాకా గుచ్చు. తడి తగిలితే చెంబు కింద పెట్టి నీ పని నువ్వు చూసుకో. కుండీ మొక్కల్లో చాలామటుకు దాహంతో చావవు, మనకు తోచక పోసే నీళ్ళతో చస్తాయి.

ఇక కలుపు. అన్నిటికంటే మొండివాడు పెదనాన్నే. కాడకు మూడేసి ఆకులు, చిన్న చిన్న పసుపు పూలు. దాని పేరు పులిచింత అని నాకు పెళ్ళయిన తర్వాతగానీ తెలియలేదు, తెలుసా. మన పెదనాన్న రెండు రోజులుంటానని వచ్చి రెండు నెలలు పాతుకుపోయినప్పుడు, అమ్మ కుండీలో ఆ గడ్డిని చూసి నాన్నతో "ఇదుగో, మీ అన్నయ్య ఇక్కడ కూడా దిగాడు" అంది కదా. మనిద్దరికీ ఆ రోజు నుంచి అది పెదనాన్నే.

పెదనాన్నను నడుం పట్టుకుని లాగొద్దు. పైన తెగి, కింద హాయిగా ఉంటాడు. ముందు బాగా తడపాలి. మెత్తబడ్డాక వేళ్ళతో సహా పీకాలి. కాయ ముదిరేదాకా ఊరుకున్నావంటే, తన పిల్లాజెల్లా అందరినీ పక్క కుండీల్లో కూర్చోబెడతాడు. పీకినవాణ్ణి అక్కడే పడెయ్యకుండా ఎండలో ఆరెయ్యాలి.

మేడ మీద ఈ పూట గాలి బాగుంది. మల్లె పక్కనే కూర్చుని రాస్తున్నాను.

అక్క


ప్రూఫుల గది నుంచి

అక్కకు,

పేజీ పడింది. వేలు గుచ్చే సంగతి, పేనుబంక సంగతి మొదటి వారంలో వేశాను. కలుపును దాచి ఉంచాను, సరుకు అంతా ఒకేసారి బయట పెట్టకూడదని. పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఉత్తరం రావడం ఇదే మొదలు. ఇంతకుముందు తప్పు వదిలేసినప్పుడు తిట్లు వచ్చేవి కానీ, అవి ఎడిటర్ పేరున వచ్చేవి.

ఇప్పుడు ఆఫీసులో నా నడకే మారిపోయింది. లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ కూడా నన్ను ఆపి, తన గులాబీకి ఆకులు రాలుతున్నాయని అడిగాడు. నేను డాక్టరులా తల ఊపి, "నీళ్ళు ఎలా పోస్తున్నావు?" అన్నాను. ఏం చెప్పినా తర్వాత "చూద్దాం" అంటున్నాను. ఈ "చూద్దాం" అనే మాటకు ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు.

వేషం పూర్తిగా ఉండాలని ఒక కుండీ కూడా కొన్నాను. అందులో వెయ్యడానికి నీ పుదీనా కొమ్మ ఒకటి తడి గుడ్డలో చుట్టి పంపు. లేదంటే ఆదివారం నేనే వచ్చి, మేడ చూసి తెచ్చుకుంటాను. ఈలోపు పిండినల్లి గురించి, కొత్తిమీర గురించి రాయి. కొత్తిమీర మొలవడం లేదని పాఠకులు గోల పెడుతున్నారు. ఎందుకు మొలవదో నాకు తెలిస్తే నేనే ముందు గోల పెట్టేవాణ్ణి.

తమ్ముడు


మేడ మీద నుంచి

తమ్ముడూ,

ఆదివారం వద్దు. మేడ మెట్లు పాచి పట్టి ఉన్నాయి, నువ్వు చదును నేల మీదే జారిపడే మనిషివి. వానలు తగ్గాక చూద్దాం. (చూశావా, నాకూ "చూద్దాం" వచ్చు.)

పుదీనా పోస్టులో వాడిపోతుంది. దాన్ని నువ్వు బజారులోనే కొను. కట్టలో గట్టి కాడలు ఏరి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్ళలో నిలబెట్టు. నీళ్ళు మార్చడం మర్చిపోకు. వేళ్ళు వచ్చాక కుండీలో పెట్టు. దానికి విడిగా ఒక కుండీ ఇవ్వాలి, ఇంకో మొక్కతో కలిపి పెడితే దాన్ని బతకనివ్వదు.

కొత్తిమీర మొలవకపోతే ధనియాలను అలాగే చల్లుతున్నారని అర్థం. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. మెత్తగా నలిపి, రెండుగా విడదీసి చల్లాలి. పొడి చేయకూడదని కూడా రాయి, నీలాంటి పాఠకులు ఉంటారు.

పిండినల్లికి దూదిని సబ్బునీళ్ళలో ముంచి, కాడల సందుల్లో తుడవాలి. పట్టిన కుండీని మిగతావాటికి దూరంగా పెట్టాలి.

సాయంత్రాలు ఇక్కడ ఎంత బాగుంటుందో. నీళ్ళు పోస్తూ ట్యాంకు పక్క నుంచి మొదలుపెడితే ముందు మిరప, తర్వాత మరువం, గులాబీలు, మల్లె, చివర పుదీనా. ఆ వరసలో కళ్ళు మూసుకుని కూడా నడవగలను.

అక్క


ప్రూఫుల గది నుంచి

అక్కా,

కొంప మునిగింది.

ఈ వారం కలుపు పేజీ వేశాను. నువ్వు రాసింది ఒక్క అక్షరం పొల్లు పోకుండా దించాను. ఇంటి కబుర్లు, చోటు చాలక ఆకుల సంగతీ కాయల సంగతీ మాత్రం తీసేశాను. పులిచింత అన్న పేరు ఆ ఇంటి కబుర్లలోనే ఉంది కదా, అది కూడా పోయింది. మిగిలింది ఏమిటో కింద రాస్తున్నాను. కూర్చుని చదువు.

"అన్నిటికంటే మొండివాడు పెదనాన్నే. ముందు బాగా తడపాలి. మెత్తబడ్డాక వేళ్ళతో సహా పీకాలి. ఊరుకున్నారంటే, తన పిల్లాజెల్లా అందరినీ పక్క కుండీల్లో కూర్చోబెడతాడు. పీకినవాణ్ణి ఎండలో ఆరెయ్యాలి."

ప్రూఫు నేనే చూశాను. రెండుసార్లు చూశాను. "కుండీల్లో" అన్నచోట దీర్ఘం పోతే అది కూడా దిద్దాను. పెదనాన్న అన్న మాట దగ్గర నా కన్ను ఆగనే లేదు. స్పెల్లింగు బాగానే ఉంది కదా.

నీకు తెలియనిది ఒకటుంది. మా ఎడిటర్ తన పెదనాన్నని, అంటే మా యజమానిని, "పెదనాన్నగారు" అనే పిలుస్తాడు. ఆయన్ని చూసి ఆఫీసంతా అలాగే పిలుస్తుంది. వాచ్‌మన్ కూడా. నేను కూడా. కుర్చీలన్నిట్లో ఆయన తమ్ముడి పిల్లలు, బావమరది పిల్లలు కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఆ మాట గడ్డి, ఆఫీసులో ఆ మాట మనిషి. ఇన్నేళ్ళుగా నా బుర్రలో ఆ రెండూ ఒకరికొకరు ఎదురుపడలేదు.

పొద్దున నేను గదిలోకి వస్తుంటే అందరూ లేచి నిలబడ్డారు. కంపోజింగ్ చేసే ఆవిడ కళ్ళనీళ్ళతో నా చెయ్యి పట్టుకుని, "మేమెవరం అనలేని మాట మీరన్నారు" అంది. నేను తిరుగుబాటు చేశాననుకుంటున్నారక్కా. నేను ఏనాడైనా హోటల్లో బిల్లు తప్పుగా వేస్తే అడిగానా?

ఎడిటర్ నాతో మాట్లాడటం లేదు. పెదనాన్నగారు ఊళ్ళో లేరు, రేపు వస్తారట.

తమ్ముడు


మేడ మీద నుంచి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. పక్కింటి ఆవిడ వచ్చి, ఏమైందని తలుపు కొట్టింది. నవ్వు ఆగాక సిగ్గేసింది. నీ ఉద్యోగం మీదికి వచ్చింది, అది నా నోటి దురుసుతనం వల్లే. పులిచింత అని తిన్నగా రాసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. అరవై దాటాక కూడా నాకు అమ్మ మాటలే వస్తాయి, ఏం చేయను.

ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. మా ఇంట్లో ఆ గడ్డికి ఆ పేరు అని చెప్పు. నీకు అబద్ధం చెప్పడం చేతకాదు, నీళ్ళు నములుతావు. మొక్కలకు నువ్వు పోసే నీళ్ళే ఎక్కువ.

నాకు కబురు రాయి. నిద్ర పట్టడం లేదు.

అక్క


ప్రూఫుల గది నుంచి

అక్కా,

పెదనాన్నగారు పిలిచారు. బల్ల మీద పేజీ పెట్టుకుని, చేతికర్రతో ఒక్కో మాట మీదా కొడుతూ చదివించారు. నా చేతనే.

"నన్ను తడిపి పీకమన్నది నువ్వేనా?"

"మిమ్మల్ని కాదండీ. గడ్డిని."

"గడ్డికి నా పేరెందుకు పెట్టావు?"

"నేను పెట్టలేదండీ. మా అమ్మ పెట్టింది."

ఇంత చెత్త జవాబు ఎవరైనా చెప్పి ఉంటారా? నిజం చెబితే ఇంత అబద్ధంలా వినపడుతుందని నాకు తెలియదు. మన ఇల్లు, మన పెదనాన్న, అమ్మ మాట, నువ్వు, నీ ఉత్తరాలు, నీ మేడ, అన్నీ చెప్పాను. ఆయన కర్ర పక్కన పెట్టారు.

తర్వాత అన్నారు: "ఈ గడ్డిని ఆ పేరుతో పిలిచే ఇల్లు ఒకటుంటే నేను చూడాలి. ఆ మేడ చూస్తాను, మీ అక్కయ్యతో మాట్లాడతాను. నిజమైతే పేజీ నీదే, ప్రూఫుల బల్లా నీదే. కథ అయితే రెండూ లేవు."

ఆదివారం వస్తారట. మెట్ల మీద పాచి ఉంటే ఎవరితోనైనా కడిగించు. ఆ కుండీల వరస చూస్తే ఆయనకు అన్నీ తెలుస్తాయి. నా బతుకు నీ మేడ మీద ఉందక్కా.

పుదీనా కొమ్మ ఇంకా పంపలేదు నువ్వు. అడగడం ఇది రెండోసారి. బజారులో కొన్నది గ్లాసులో పెట్టాను, ఇంకా చావలేదు.

తమ్ముడు


కిటికీ దగ్గర నుంచి

తమ్ముడూ,

పైన చిరునామా చూశావా. ఇదే అసలుది.

మేడ లేదురా. ఉంది కానీ, నేను ఎక్కే మేడ లేదు. నువ్వు వచ్చి వెళ్ళిన మరుసటి వానాకాలం, కుండీల తడికి కింది వాటాలోకి నీళ్ళు కారుతున్నాయని ఇంటివాళ్ళు అన్నీ దించమన్నారు. దించాక తలుపుకు తాళం వేశారు. వాళ్ళను తప్పు పట్టలేను, వాళ్ళ మంచం నిజంగానే తడిసింది. మల్లెను కుట్టుమిషన్ ఆవిడకు ఇచ్చాను. గులాబీలు మందుల షాపు అతను తీసుకున్నాడు. పుదీనా ఎవరు పట్టుకెళ్ళారో కూడా గుర్తులేదు, ఆ రోజు నేను సరిగ్గా చూడలేకపోయాను.

నీకు చెప్పాలని ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. నువ్వు హడావిడిలో "మొక్కలెలా ఉన్నాయి" అన్నావు. "బాగున్నాయి" అన్నాను. అలా నోట్లోంచి వచ్చేసింది. తర్వాత దిద్దుకోవడం కుదరలేదు, ఆ విద్య నీది.

అప్పటి నుంచి మొక్కల గురించి నన్ను ఎవరూ అడగలేదు. నువ్వు అడిగావు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఉత్తరం రాసిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని, ట్యాంకు దగ్గర నుంచి మొదలుపెట్టి అన్నిటికీ నీళ్ళు పోశాను. గాలిలో మేడలు కట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ మేడ మీద కుండీలు కూడా పెట్టి, పేనుబంక పట్టకుండా చూసుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు నా దగ్గర కిటికీలో ఒకే ఒక్క కుండీ ఉంది. మరువం కొమ్మ పెట్టుకున్నాను, ఎండ చాలక పోయింది. ఆ మట్టిలో పెదనాన్న వచ్చాడు. నేను పీకలేదు. లోకానికంతా వేళ్ళతో సహా పీకమని చెప్పి, నేను మాత్రం వేలు గుచ్చి చూసి మరీ నీళ్ళు పోస్తున్నాను. చీకటి పడగానే ఆకులు ముడుచుకుంటాడు. అప్పుడు నేనూ కిటికీ వేసేస్తాను.

మీ యజమానికి నేనేం చూపించను? నా గొప్పకు పోయి నీ కూడు మీదికి తెచ్చాను. నాకు చాలా దుఃఖంగా ఉంది.

అక్క


ప్రూఫుల గది నుంచి

అక్కా,

నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నా మీద వచ్చింది. నేను తప్పులు పట్టి జీతం తీసుకునేవాణ్ణి. రెండుసార్లు పుదీనా కొమ్మ అడిగితే రెండుసార్లూ రాలేదు, అయినా నాకు ఏ తప్పూ కనపడలేదు. మొక్కలెలా ఉన్నాయని అడిగాను గానీ, నువ్వెలా ఉన్నావని ఒక్క ఉత్తరంలోనూ అడగలేదు. ఇప్పుడు మళ్ళీ తిరగేసి చూశాను. నిజంగా ఎక్కడా లేదు.

పెదనాన్నగారి దగ్గరికి వెళ్ళి, నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. నేను నీళ్ళు నమిలే అవకాశం ఉండకూడదని. ఆయన అద్దాలు పెట్టుకుని చదివారు. మడిచి జేబులో వేసుకున్నారు. చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయారు. సోమవారం నన్ను రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. ఆదివారం నీ దగ్గరికి వస్తారో రారో కూడా తెలియదు.

ఉద్యోగం పోతే పోనీ. పోతుందని భయంగానే ఉంది, ధైర్యం నటించను. కానీ ఆ కుండీ దాచిపెట్టకు.

గ్లాసులో పుదీనాకు తెల్లగా సన్నని వేళ్ళు వచ్చాయి. నేను పట్టుకున్న మొక్క బతకడం చూసి, పొద్దున చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆఫీసుకు ఆలస్యమైంది. అది నీదే.

నువ్వెలా ఉన్నావు?

తమ్ముడు


కిటికీ దగ్గర నుంచి

తమ్ముడూ,

వచ్చారు. రొప్పుతూ మెట్లెక్కి, గుమ్మంలో నిలబడి, నమస్కారం కూడా లేకుండా "పెదనాన్న ఎక్కడ?" అన్నారు. కిటికీ చూపించాను.

వంగి చాలాసేపు చూశారు. "ఇంత చిన్నవాడా?" అన్నారు.

"చిన్నగానే వస్తాడండీ."

"మరి పీకలేదేం? అంత బాగా రాశారు కదా."

"పీకితే ఖాళీ కుండీ మిగులుతుందండీ" అన్నాను. ఆయన అటు తిరిగి వీధిలోకి చూశారు. మంచి మనిషేరా, కాస్త కర్ర చప్పుడు ఎక్కువ.

తర్వాత నా కుర్చీలో కూర్చున్నారు. టీ తాగారు. ఇంకోసారి తాగారు. "మా ఇంట్లో నా వెనక ఏమనుకుంటారో నాకు తెలుసమ్మా. ముందు అచ్చేసింది మీరే" అన్నారు. ఆయన నాటిన మొక్క ఏదీ బతకదట. వినగానే నువ్వు గుర్తొచ్చావు. చీకటి పడుతున్నా లేవలేదు. పెదనాన్న ఆకులు ముడుచుకున్నాడు. "ఇదేమిటి?" అన్నారు. "ఇక ఇళ్ళకు వెళ్ళే వేళయిందని" అన్నాను. అప్పుడు నవ్వారు. నవ్వుకుంటూ లేచి, సగం పెదనాన్నను వేళ్ళతో సహా రుమాల్లో కట్టించుకుని వెళ్ళారు. ఆఫీసులో తన బల్ల మీద పెడతారట.

ఇక నీ సంగతి. పెరటి పేజీ నీకు లేదు. అది నాకు ఇచ్చారు, నా చేతులతోనే రాయమన్నారు. నీ మీద జాలి వేసింది కానీ, పాఠకుల మొక్కల మీద ఇంకా ఎక్కువ వేసింది, ఒప్పుకున్నాను.

ప్రూఫుల బల్ల నీదే. నువ్వు దిద్దిన ఆ పేజీనే ఆ కొత్త మిషన్‌కు పెట్టి చూశారట. ఒక్క తప్పూ లేదందట. "ఇతనూ అంతే చెప్పాడు కదా, ఇక తేడా ఏముంది?" అని మీ ఎడిటర్ అడిగాడట. ఆయన మాత్రం, "తేడా ఉంది. ఇక ఆ పేజీ రాసేది వాళ్ళక్క. ఏది ఇంటి మాటో, ఏది అచ్చు మాటో మిషన్‌కు ఎలా తెలుస్తుంది, దానికి అక్క లేదు కదా" అన్నారట. కనక ఈసారి పెదనాన్న కనపడితే కన్ను ఆపు.

నువ్వెలా ఉన్నావని అడిగావు. పొద్దుటి నుంచి బాగున్నాను.

ఆ గ్లాసు జాగ్రత్తగా పట్టుకుని రా. బస్సులో ఒళ్ళో పెట్టుకో, నిద్రపోకు. ఈ కిటికీకి పొద్దున కాసేపు ఎండ వస్తుంది, పుదీనాకు అది సరిపోతుంది. రెండు రోజులని చెప్పి రా. రెండు నెలలున్నా పీకను.

అక్క